అందరి గేటు

ప్రొద్దుటూరు అంగళ్లలో బంగారం కొనేవాళ్లను చూడండి. గురిగింజంత తేడా వచ్చినా ఒప్పుకోరు. తూకం తమ కళ్ల ముందే వెయ్యాలంటారు. తరుగు ఎంత, మజూరీ ఎంత అని పదిసార్లు అడుగుతారు. రసీదు మడిచి జాగ్రత్తగా రవికలోనో, జేబులోనో పెట్టుకుంటారు. అదే మనుషులు తమ వీధికి ఏదైనా పని జరుగుతుంటే మాత్రం అటు తిరిగి చూడరు. అది అందరిదీ కదా! అందరిదీ అంటే ఎవరో ఒకరు చూసుకుంటారులే అని అర్థం. ఆ ఎవరో ఒకరు ఎవరో తెలిసేసరికి పని చెడిపోయి ఉంటుంది.

ఊరికి కొత్తగా వెలసిన ఒక కాలనీ వాళ్లకు ఈ సంగతి గేటు రూపంలో తెలిసొచ్చింది. మొత్తం నలభై రెండు ఇళ్లు. రాత్రిళ్లు ఎవరెవరో బండ్ల మీద వచ్చి పోతున్నారని, ఒకట్రెండు ఇళ్లలో గ్యాసు బండలు మాయమయ్యాయని వీధి మొగదలలో గేటు పెట్టించుకుందామని అనుకున్నారు. పదహారడుగుల వెడల్పు, రెండు రెక్కలు, పక్కన మనుషులు నడిచేందుకు చిన్న తలుపు. జమ్మలమడుగు నుంచి ఒక కాంట్రాక్టరును పిలిపించారు. పిల్లర్లు, గేటు, రంగులు అన్నీ కలిపి గుత్తకు ఒక లక్షా తొంభై అయిదు వేలు అన్నాడు. కమిటీ వాళ్లు కూర్చుని బేరమాడారు. బంగారం దగ్గర నేర్చిన బేరం కదా, గట్టిగానే ఆడారు. చివరికి ఇంటికి నాలుగు వేల లెక్కన లక్షా అరవై ఎనిమిది వేలకు కుదిరింది. ఇరవై ఏడు వేలు తగ్గించామని ఆ రాత్రి అందరూ సంతోషంగా నిద్రపోయారు. ఆ ఇరవై ఏడు వేలు ఎక్కడ తగ్గుతాయో మాత్రం ఎవరూ అడగలేదు.

ప్రొద్దుటూరు దసరాను రెండో మైసూరు అంటారు. ఊరంతా దీపాలు, ఇంటింటా బంధువులు. పండగకు గేటు నిలబడాల్సిందే అని కమిటీ పట్టుబట్టింది. పిల్లరు కట్టిన మూడో రోజే రెక్కలు బిగించారు. నల్లరంగు మీద బంగారు రంగు బాణాలతో గేటు మెరిసిపోయింది. టెంకాయ కొట్టారు, ఫొటోలు దిగారు, కాంట్రాక్టరుకు శాలువా కప్పి మిగిలిన డబ్బు మొత్తం చేతిలో పెట్టారు. బిల్లు అడగాలన్న మాట ఎవరికీ తోచలేదు. పండగపూట కాగితాల మాటెత్తితే బాగుండదనుకున్నారేమో.

గేటు అందరిదీ అయినా రోజుకు వందసార్లు దాన్ని ముట్టుకునేవాడు ఒక్కడే, వాచ్‌మన్. మైలవరం దగ్గరి పల్లె నుంచి పెళ్లాంతోనూ, ఆరేళ్ల కూతురితోనూ వచ్చి గేటు పక్కన రేకుల గదిలో ఉంటున్నాడు. కార్తీకంలో నాలుగు వానలు పడ్డాక ఎడమ రెక్క కొస కొంచెం కిందికి దిగడం మొదట చూసింది అతడే. కమిటీ సెక్రటరీకి చెప్పాడు.

“సామీ, గేటు వాలతాంది.”

“కొత్త గేటు ఏంటికి వాలతాదబ్బా? నువ్వు సరిగా తెరిచినావా?”

సంక్రాంతికి మళ్లీ చెప్పాడు. ఉగాదికి మళ్లీ చెప్పాడు. అప్పటికి రెక్క కొస నేలకు తగులుతోంది. తెరిచిన ప్రతిసారీ కర్రుమని చప్పుడు. సిమెంటు నేల మీద అరచందమామలాంటి గీత పడింది. రెక్కను భుజంతో పైకెత్తి తోస్తే గానీ కదలదు. కార్లలో వచ్చేవాళ్లు లోపల కూర్చుని హారన్ కొట్టేవాళ్లు. వాచ్‌మన్ మెల్లగా పని చేస్తున్నాడని ఒకరిద్దరు విసుక్కున్నారు కూడా.

సెక్రటరీ జమ్మలమడుగుకు ఫోను చేస్తే కాంట్రాక్టరు తడుముకోకుండా చెప్పాడు. “గేటు నిక్షేపంగా ఉండాది సార్. పిల్లోళ్లు దాని మీదెక్కి ఊగుతాంటే మీ వాచ్‌మన్ ఏం చేచ్చాండాడో అడగండి.” కమిటీకి ఆ జవాబు నచ్చింది. కాంట్రాక్టరుతో పోట్లాడటం కష్టం, వాచ్‌మన్‌ను మందలించడం తేలిక. ఆ నెల అతని జీతంలో అయిదు వందలు పట్టుకున్నారు. అతడేమీ అనలేదు. తల వంచుకుని వెళ్లిపోయాడు.

జూన్‌లో బడులు తెరిచిన వారానికే అది జరిగింది. సాయంత్రం స్కూలు వ్యాను లోపలికి వస్తోంది. వాచ్‌మన్ రెక్కను భుజంతో ఎత్తాడు. పై బందు పిల్లరులోని ఇటుకతో సహా ఊడి వచ్చింది. వంద కిలోలకు పైబడిన రెక్క ముందుకు ఒరిగింది. వ్యాను దిగిన ముగ్గురు పిల్లలు దానికి అయిదారు అడుగుల దూరంలో ఉన్నారు. అతడు తప్పుకోలేదు. రెక్కకు వీపు ఆనించి అట్లాగే కూర్చుండిపోయాడు. వ్యాను డ్రైవరు, ఇంకా నలుగురు పరుగెత్తుకొచ్చి లేపేదాకా వదల్లేదు. కుడి భుజం ఎముక పక్కకు జరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టి ఆరు వారాలు చెయ్యి కదపొద్దన్నారు.

ఆ రాత్రి కాలనీలో ఎవరికీ అన్నం సయించలేదు. కూర్చుని మాట్లాడుకుంటే తలా ఒక మాట. కేసు పెడదామని ఒకరు. పులివెందులలో మనకు తెలిసిన పెద్దమనిషి ఉన్నాడు, ఒక్క ఫోను చేయిస్తే కాంట్రాక్టరు పరుగెత్తుకొస్తాడని ఇంకొకరు. పోయి నాలుగు తన్నుదామని కుర్రవాళ్లు. కాలనీలోనే ఉన్న లాయరు వినియోగదారుల కమిషన్ సంగతి చెప్పాడు. 2019 చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది, సేవలో లోపం మీద రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు పోవచ్చు, అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. “అయితే పెడదాం” అన్నారందరూ. “సరే, ఒప్పందం కాగితం ఏదీ? బిల్లు ఏదీ?” అన్నాడు లాయరు. ఉన్నదల్లా మొదటిరోజు రేటు రాసిచ్చిన లెటర్‌ప్యాడ్ కాగితం ఒక్కటే. “ముందు మాట్లాడండి, మాట్లాడింది రాసి పెట్టుకోండి. కుదరకపోతే అప్పుడు ఆ కాగితాలతోనే పోదాం” అన్నాడాయన.

కాలనీకి కోశాధికారి ఒక పెద్దాయన. నలభై ఏళ్లు నగలు చేసిన చెయ్యి. చూపు తగ్గాక పని మానేశాడు. అందరూ ఆచారి మామా అంటారు. అప్పటిదాకా నోరు విప్పని ఆయన నెమ్మదిగా అన్నాడు. “పెద్దమనిషి ఫోను చేస్తే ఆయప్ప భయానికి వచ్చాడు, భయంతోనే ఏదో అతికించి పోతాడు. మనకు కావాల్సింది భయం కాదు, గేటు. నేను పోయొస్తా.” తర్వాత కాసేపాగి, “గొలుసులో టంకం ఊడితే గొలుసు పోతాది. ఇక్కడ మనిషి పోయేవాడు. బంగారమైతే గీటురాయి మీద గీసి చూసేవాణ్ణి. ఇనుమే గదా అని నేనే చూడలా” అన్నాడు.

మర్నాడు పొద్దున ఊడిన రెక్క దగ్గర కూర్చుని, నగల పనికి వాడుకున్న పాత గేజితో పైపు మందం కొలిచాడు. లెటర్‌ప్యాడ్ మీద 14 గేజి అని రాసి ఉంది. 50 మిల్లీమీటర్ల చదరపు పైపు 14 గేజిదైతే మందం సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది, మీటరు మూడు కిలోలు తూగుతుంది. ఇక్కడ గేజిలో చూపింది 1.2 మిల్లీమీటర్లు. అంటే 18 గేజి. మీటరు రెండు కిలోలు కూడా రాదు. ఆ అంకెలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుని, పక్కింటి కుర్రాడి బండెక్కి జమ్మలమడుగు బయల్దేరాడు.

కాంట్రాక్టరు నలభై ఏళ్ల మనిషి. షెడ్డులో ఒక కిటికీకి చట్రం బిగిస్తున్నాడు. పెద్దాయనను చూసి కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. గేటు మాట ఎత్తేసరికి మొహం మారింది.

“పిల్లరు కట్టింది మేస్త్రి మామా, నేను కాదు. నా గేటు విరగలా, ఆయన పిల్లరు విరిగింది.”

“మేస్త్రిని మేము పిలవలేదు గదా నాయనా. గుత్త నీది.”

“ఎనిమిది నెలలు బాగుండె గదా! మీ వాచ్‌మన్...”

“పైపు 14 అని రాసి 18 వేసినావు.”

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్నవాడు తలెత్తాడు. “మీరు ఇరవై ఏడు వేలు కోసినారు మామా. నేను యాడ కొయ్యాల? నా కూలోళ్ల కడుపు కొయ్యాల్నా?”

షెడ్డులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మాటలో అబద్ధం లేదని పెద్దాయనకు తెలుసు. “తగ్గించినప్పుడు పైపు తగ్గుతాదని చెప్పుంటే మేము వద్దనేవాళ్లం గదప్పా. చెప్పకపోవడం నీ తప్పు, అడక్కపోవడం మా తప్పు. మన ఇద్దరి తప్పూ ఎవరి భుజం మీద పడిందో తెలుసునా?” అన్నాడు. వాచ్‌మన్ సంగతి కాంట్రాక్టరుకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. విన్నాక కూడా అతడు తేలలేదు. “ఆలోచించి చెప్తా” అన్నాడంతే.

తిరుగు ప్రయాణంలో కుర్రాడు, “తాతా, పదిహేను కిలోమీటర్లే, గండికోట చూసి పోదామా?” అన్నాడు. పెద్దాయన చిన్నప్పుడెప్పుడో బడిపిల్లలతో పోయిందే. పెన్నా లోయ చూడ్డానికి కుర్రాడు లోపలికి పరుగెత్తాడు. ఈయన మాత్రం కోటవాకిలి దగ్గరే ఆగిపోయాడు. ఏనుగులు వచ్చి గుద్దినా లొంగకుండా ఇనుప రేకులు తొడిగి, ముళ్లు కొట్టిన పాతకాలపు కొయ్య తలుపులవి. ఆ రేకుల మీద వేళ్లతో తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. చేసినవాడి పేరు ఎక్కడా లేదు. కుర్రాడు తిరిగొచ్చాక అన్నాడు. “ఈ తలుపు వెనకాల నిలబడేవాళ్ల ప్రాణం దీని మీదే ఉండె. వాళ్లు దగ్గరుండి చూసింటారు, అడిగింటారు. మన గేటు వెనకాల నిలబడేవాణ్ణి మనం ఒక్కమాటైనా అడిగినామా?”

ఆ రాత్రే రేకుల గదికి పోయి వాచ్‌మన్ పక్కన కూర్చున్నాడు. “నువ్వు చెప్పు నాయనా, ఏమాయె?”

అతడు ఎడమ చేత్తో టార్చి తీసుకుని కుడి రెక్క దగ్గరికి తీసుకుపోయాడు. గడియ పట్టే చోట పక్కగా బొగ్గుతో గీసిన గీతలు ఉన్నాయి. ఏడు గీతలు, ఒకదాని కింద ఒకటి. ఎడమ రెక్క గడియ ఎక్కడికి దిగిందో నెలనెలా గుర్తు పెట్టుకున్నాడు. “ఒక నెలలో దిగలేదు సామీ. నెలకింత నెలకింత దిగింది. పిల్లోళ్లు ఊగితే ఒక్కసారిగా దిగాల గదా. మీరు నమ్మరని గీసి పెట్టినా. చూపిద్దామంటే ఎవురూ రాలా.”

పెద్దాయన ఆ గీతలను ఫొటో తీయించాడు. మూడో మనిషి మాట కూడా ఉంటే మంచిదని పులివెందులలో ఉన్న, వరసకు బావ అయ్యే ముసలి వెల్డరును పిలిపించాడు. ట్రాక్టరు ట్రాలీలు, తోట గేట్లు చేసి చేసి పండిన మనిషి ఆయన. వచ్చీ రాగానే గేటు చూడలేదు, నేల చూశాడు. “గేటు కత అంతా నేల మీదే రాసుంటాది” అన్నాడు అరచందమామ గీతను చూపిస్తూ. తర్వాత రూపాయి బిళ్లతో రంగు గీకాడు. మంచి పనైతే రంగు కింద ఎర్రటి రెడాక్సైడు కనిపించాలి. ఇక్కడ తుప్పు కనిపించింది. అతుకుల దగ్గర మేకుతో పొడిచాడు. పుట్టీ రాలిపడింది. అతుకు పొడుగునా వెల్డింగు నడపకుండా చుక్కలు పెట్టి, సందులు పుట్టీతో పూడ్చి, పైన రంగేశారు. పిల్లరు లోపల కమ్మీలు లేవు, ఉత్త ఇటుక. బందుల కాళ్లు ఆ ఇటుకలోనే దూర్చారు. సిమెంటు పచ్చి ఆరకముందే బరువు వేలాడదీశారు.

“చెయ్యి చాపి నీళ్ల బిందె పట్టుకో బావా, భుజం ఎంత లాగుతాదో చూడు. ఎనిమిదడుగుల రెక్క పై బందును అట్ల లాగుతాంటాది, పగలూ రేత్రీ. దానికి ఇటుక ఏం నిలబడతాది?” అన్నాడు. అక్కడ నిలబడిన వాళ్లలో ఒకరిద్దరు కట్టుతో కూర్చున్న వాచ్‌మన్ వైపు చూసి తల దించుకున్నారు.

చిన్న గేటు సంగతే ఇంత అయితే పెద్ద గేట్ల సంగతి చెప్పేదేముంది? 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు చైను తెగి కొట్టుకుపోయినప్పుడు, ఎక్కడో హోస్పేట దగ్గర జరిగినదానికి ఇక్కడ పులివెందుల చీనీ తోటల రైతులు ఉలిక్కిపడ్డారు. ఆ డ్యాం ఎగువ కాలువ నీళ్లతోనే వాళ్ల బ్రాంచి కాలువ బతుకు ముడిపడి ఉంది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు దగ్గరుండి, పారే నీళ్లలోనే ఉక్కు పలకలు దింపించి, సుమారు వారంలో వరదను ఆపించారు. 1953 నాటి డ్యాం అది. గేటు పెద్దదైనా చిన్నదైనా తెగేది ఒక్క చైనో, ఊడేది ఒక్క బందో. దాన్ని రోజూ చూసే మనిషి ఒకడుండాలి. అతడు చెబితే వినే మనిషి ఇంకొకడుండాలి.

వెల్డరు చెప్పినవన్నీ వరసగా ఒక కాగితం మీద రాశారు. తిట్టు లేదు, బెదిరింపు లేదు. ఏమి ఒప్పుకున్నారు, ఏమి చేశారు, ఏమి చేయాలి, అంతే. దాని నకలు, బొగ్గు గీతల ఫొటో రెండూ జమ్మలమడుగుకు పంపారు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే కమిషన్‌కు పోతామని చివర ఒక్క వాక్యం రాశారు.

తొమ్మిదో రోజు కాంట్రాక్టరు తానే వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. మొదట బొగ్గు గీతల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వాచ్‌మన్ గదికి పోయి, “ఏమన్నా, చెయ్యి ఎట్లుండాది?” అని అడిగాడు. ఆ పలకరింపు తర్వాతే కమిటీ ముందుకొచ్చి కూర్చున్నాడు.

అప్పుడు జరిగింది అసలు బేరం. ఈసారి ఎంత తగ్గిస్తావు అని అడగలేదు, దేనికెంత అవుతుంది అని అడిగారు. పిల్లర్లు రెండూ పడగొట్టి మూడడుగుల లోతు పునాది తీసి, నాలుగు పన్నెండు మిల్లీమీటర్ల కమ్మీలతో కాంక్రీటు స్తంభాలు పొయ్యాలి. బందులు కమ్మీలకు వెల్డు చేసిన ప్లేటుకు బిగించాలి. బందుల వైపు నిలువు పైపులు మార్చి దట్టమైనవి వెయ్యాలి. అతుకులన్నీ నిండుగా నడపాలి. రంగంతా గీకి రెడాక్సైడు కొట్టాలి. కూలి మొత్తం కాంట్రాక్టరుది. సామాను ఖర్చు కాలనీది, ఇంటికి ఆరు వందల లెక్కన ఇరవై అయిదు వేల రెండు వందలు. అందులో ఇరవై వేలు ఇప్పుడు, మిగిలిన అయిదు వేల రెండు వందలు ఒక వానాకాలం దాటి ఏడాది నిండాక. ప్రభుత్వ పనుల్లో కొంత సొమ్ము ఇట్లాగే పట్టి ఉంచుతారని లాయరు చెప్పాడు. అన్నీ కాగితం మీద రాసి రెండు వైపులా సంతకాలు పెట్టారు.

ఒకరిద్దరు గొణిగారు. “తప్పు వాడిది, మళ్లీ మనమెందుకు ఇయ్యాల?” అన్నారు. ఆచారి మామ నవ్వాడు. “ఆ రోజు కోసుకున్న ఇరవై ఏడు వేలల్లోనివే గదప్పా ఇవి. ఇంకా పద్దెనిమిది వందలు మనకే మిగిలినాయి” అన్నాడు. లెక్క సరిపోయింది కాబట్టి ఎవరూ మళ్లీ మాట్లాడలేదు.

పని జరిగినన్ని రోజులూ వంతులు వేసుకున్నారు. పొద్దున ఒక ఇంటివాళ్లు, సాయంత్రం ఒక ఇంటివాళ్లు. కాంక్రీటు పోసిన స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి రెండు వారాలు నీళ్లు పోశారు. ఆడవాళ్లు బిందెలతో, పిల్లలు చెంబులతో. ఆ తర్వాతే రెక్కలు బిగించారు. ఈసారి టెంకాయ కొట్టింది వాచ్‌మన్ కూతురు. పట్టుకున్న అయిదు వందలు, ఆసుపత్రి ఖర్చు, పని చేయలేని ఆరు వారాల జీతం అన్నీ లెక్కగట్టి సెక్రటరీ తానే రేకుల గదికి తీసుకుపోయి ఇచ్చాడు. ఏమని ఇవ్వాలో తెలియక, “లెక్క చూసుకో” అన్నాడట. క్షమించమని అడగడం రానివాళ్లు ఇట్లాగే అంటారు.

ఏడాది తిరిగింది. వానలు పడ్డాయి, ఎండలు కాశాయి. మిగిలిన డబ్బు కోసం కాంట్రాక్టరు వచ్చాడు. కమిటీ అంతా గేటు దగ్గర చేరింది. ఒకరు రసమట్టం పెట్టి చూశారు, ఒకరు రూపాయి బిళ్లతో గీకారు. ఇప్పుడు అందరికీ గేట్ల పని కొంత తెలుసు మరి! ఆచారి మామ డబ్బు కవరు జేబులోంచి తీశాడు గానీ కాంట్రాక్టరు చేతికి ఇవ్వలేదు. వాచ్‌మన్‌ను పిలిచాడు.

“నువ్వు చెప్పు నాయనా. ఇయ్యచ్చునా?”

అతడు కుడి చెయ్యి చాపి రెండు వేళ్లతో రెక్కను తోశాడు. చప్పుడు లేకుండా పోయి గడియ దగ్గర ఆగింది. బొగ్గు గీతలు ఉన్న చోట ఇప్పుడు కొత్త రంగు. అతడు వంగి గడియ ఎక్కడ పడిందో చూశాడు, పైకి లేచాడు.

“ఇయ్యండి సామీ” అన్నాడు.